ప్రాజెక్టు రాయడం ఎక్కడ నేర్చుకోవాలి?

కొత్తగా చేరిన అధ్యాపకుడికి పాఠం చెప్పడం ఎలాగో యూనివర్సిటీ ప్రత్యేకంగా నేర్పదు. ఆ అవసరం అంతగా పడదు కూడా. ఇరవై ఏళ్లపాటు బెంచీ మీద కూర్చుని రకరకాల మాస్టార్లను చూసి వచ్చిన మనిషే కదా. పరిశోధన పత్రం రాయడం గైడు చేతి ఎర్రసిరాతో, కొన్ని చీవాట్లతో అబ్బుతుంది. పరిశోధనకు డబ్బు అడుగుతూ ప్రపోజల్ రాయడం మాత్రం అలా చూసి నేర్చుకునే వీలున్న పని కాదు. మంజూరైన ప్రపోజల్ ప్రాజెక్టు నడిపే పీఐ బీరువాలో ఉంటుంది. తిరిగొచ్చినది ఎవరి కంటా పడదు. దాన్ని చదివి మార్కులు వేసింది ఎవరో, ఏం చూసి వేశారో రాసినవాళ్లకు తెలియదు. అందుకే ఈ విద్య చుట్టూ అన్ని గుసగుసలు. కమిటీలో మనవాళ్లుంటేనే వస్తుందంటారు ఒకరు. ఐఐటీల వాళ్లకు తప్ప ఇవ్వరంటారు ఇంకొకరు. ఇంగ్లీషు బాగుంటే సగం పని అయినట్టేనంటారు మరొకరు. వీటిలో నిజమెంత, నేర్చుకోదగినదెంత, అదృష్టం పాలెంత అన్నది ఇప్పటికే కొంత పరిశీలన జరిగిన విషయం. దాన్ని ఒకచోట చేర్చి చూడటం ఈ వ్యాసం పని.

ఇప్పుడే ఎందుకంటే, అడగక తప్పని స్థితి వచ్చింది కాబట్టి. 2010 నాటి యూజీసీ నిబంధనలు ఏపీఐ పేరిట పదోన్నతులకు మార్కుల లెక్క తెచ్చినప్పటి నుంచి, మంజూరైన ప్రాజెక్టు అధ్యాపకుడి సర్వీసు జీవితంలో ఒక అంకె అయింది. న్యాక్ బృందం వస్తే అడుగుతుంది, ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులో కలుస్తుంది. మరోవైపు దేశం పరిశోధన మీద పెట్టే ఖర్చు 2020-21లో జీడీపీలో 0.64 శాతమే. అందులో ఉన్నత విద్యాసంస్థల వాటా పదో వంతుకు కూడా చేరదు. 2023 నాటి చట్టంతో అనుసంధాన్ నేషనల్ రిసెర్చ్ ఫౌండేషన్ ఏర్పడి, అంతకుముందు పరిశోధన నిధులు పంచిన కేంద్ర సంస్థ సెర్బ్‌ను తనలో కలుపుకుంది. ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలన్నది లక్ష్యం. అందులో కేంద్రం ఇస్తానన్నది 14,000 కోట్లు, మిగతాది ప్రధానంగా పరిశ్రమలు, దాతల వంటి ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలి. వస్తుందా రాదా అన్నది వేరే చర్చ. అడిగేవాళ్లు పెరుగుతున్నారన్నది మాత్రం ఖాయం. దానితోపాటే రెండు రోజుల వర్క్‌షాపులూ పెరిగాయి. మొదటిరోజు ఏయే సంస్థలు ఎంతెంత ఇస్తాయో స్లైడ్లు, రెండోరోజు ప్రొఫార్మా నింపడం, సాయంత్రం సర్టిఫికెట్.

థీసిస్ అలవాటు

పీహెచ్‌డీలో బాగా రాసినవాళ్లే ప్రపోజల్ దగ్గర ఎందుకు తడబడతారన్న ప్రశ్నకు రాబర్ట్ పోర్టర్ అనే అమెరికన్ పరిశోధన నిర్వాహకుడు 2007లో ఒక వ్యాసంలో జవాబు చెప్పాడు. థీసిస్ జరిగిపోయినదాని గురించి చెబుతుంది, ప్రపోజల్ జరగబోయేదాని గురించి చెప్పాలి. థీసిస్‌కు పాండిత్యం చాలు, ప్రపోజల్ అవతలివాడిని ఒప్పించాలి. థీసిస్ చదివేది ఆ శాఖలో తలపండినవాడు, ప్రపోజల్ చదివేది పక్క శాఖవాడు. పదిహేనేళ్లు దాటినా ఆ వ్యాసం పాతబడలేదు. మన దగ్గర ఇంకొకటి కలపాలి. మన థీసిసుల్లో మొదటి అధ్యాయం ఆ విషయం పుట్టుపూర్వోత్తరాలతో మొదలవుతుంది, ప్రపోజల్లోనూ అదే చేస్తాం. పన్నెండు పేజీల్లో ఐదు పేజీలు ఎవరెవరు ఏమన్నారో చెప్పి, తాను ఏం చేయబోతున్నాడో ఆరో పేజీలో మొదలుపెట్టే దరఖాస్తులు లెక్కలేనన్ని.

సామాజిక శాస్త్రాల వాళ్లకు 1988లోనే ఆడమ్ షెవోర్‌స్కీ, ఫ్రాంక్ సాలమన్ ఇద్దరూ కలిసి అమెరికా సోషల్ సైన్స్ రిసెర్చ్ కౌన్సిల్ కోసం రాసిన చిన్న పుస్తకం ఉంది. సారాంశం మూడు ప్రశ్నలు. ఈ పని వల్ల మనకు కొత్తగా ఏం తెలుస్తుంది, అది తెలుసుకోవడం ఎందుకు, తెలిసినది నిజమేనని ఎలా నమ్మాలి. అంతకు దశాబ్దం ముందు, 1975-77 మధ్య అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పాను నడిపిన జార్జ్ హైల్‌మియర్ తన దగ్గరికి వచ్చిన ప్రతివాడినీ ఇలాంటి ప్రశ్నలే అడిగేవాడు. పారిభాషిక పదం ఒక్కటి కూడా వాడకుండా ఏం చేస్తావో చెప్పమనేవాడు. ఇప్పుడు ఎలా చేస్తున్నారు, నీ దారిలో కొత్తేమిటి, ఎంత ఖర్చు, ఎంత కాలం, మధ్యలో పని సాగుతోందో లేదో ఏం చూసి చెప్పాలి అనేవాడు. నిజం చెప్పాలంటే ఈ రంగంలో ఆ తర్వాత వచ్చిన మార్గదర్శకాల్లో చాలా భాగం ఈ రెండింటికీ వ్యాఖ్యానమే.

సూత్రం చెప్పుకుంటే తేలిగ్గానే ఉంటుంది. కష్టం ఎక్కడుందో చూడాలంటే ఒక విషయం తీసుకుని రాసి చూడాలి. ఊహకు ఒక ప్రపోజల్ అనుకుందాం: “నల్లగొండ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ప్రభావంపై అధ్యయనం.” ఇలాంటి శీర్షికతో రాష్ట్ర విశ్వవిద్యాలయాల నుంచి దరఖాస్తు వెళ్లడంలో ఆశ్చర్యమేమీ లేదు. సమస్య నిజమైనది, మనుషులు నడుములు వంగిపోయి బతుకుతున్నది. అయినా చదివేవాడి మొదటి ప్రశ్న నిర్దయగా ఉంటుంది. అప్పటి నెల్లూరు జిల్లా నుంచి ఫ్లోరోసిస్ మీద పత్రం వచ్చింది 1937లో. అప్పటి నుంచీ చదువుతూనే ఉన్నారు, మీరు కొత్తగా చెప్పేదేమిటి? మరో యాభై ఊళ్ల నీళ్లు పట్టుకొచ్చి కొలుస్తాం అన్నది జవాబు కాదు.

అదే మనిషి, అదే జిల్లా, అదే లేబొరేటరీ. ప్రశ్న మార్చి చూద్దాం. తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ 2016లో మొదలైంది. కుళాయి నీళ్లు ఊరికి చేరాక పుట్టిన పిల్లలకు ఇప్పుడిప్పుడే పాలపళ్లు ఊడి శాశ్వత దంతాలు వస్తున్నాయి. పంటి పింగాణీ చిన్నతనంలో ఏర్పడేటప్పుడు ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడే మచ్చలుగా మిగులుతుంది గనక, ఈ పిల్లల పళ్లు చూస్తే నీళ్లు మార్చడం ఎంత పనిచేసిందో తెలుస్తుంది. మచ్చలు తగ్గని ఊళ్లుంటే అక్కడ ఫ్లోరైడ్ ఇంకా ఏ దారిన వస్తోంది? వంటకు బోరు నీళ్లే వాడుతున్నారా, పొలం దగ్గర తాగే నీళ్లా, తిండా? ఈ ప్రశ్నకు సమయం ఇదే. పదేళ్ల ముందు అడగడానికి లేదు, పదేళ్లాగితే పోల్చుకోవడానికి పాత నీళ్లు తాగిన పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. ఫలితం ఎటు వచ్చినా పనికొస్తుంది. మచ్చలు తగ్గితే ఒక కబురు, తగ్గకపోతే ఇంకా పెద్ద కబురు.

ఇక్కడ మారింది భాష కాదు. రెండో ప్రపోజల్‌ను నాసిరకం ఇంగ్లీషులో రాసినా మొదటిదాని కంటే మేలుగానే నిలబడుతుంది. ప్రశ్న మారగానే మిగతా భాగాలన్నీ వాటంతటవే కుదురుకోవడం కూడా గమనించాలి. లక్ష్యాలు ఆరో ఏడో ఉండవు, రెండే. ఒకటి విఫలమైతే రెండోది కూలిపోయే పద్ధతిలో కూడా ఉండవు. పద్ధతి తేలిపోతుంది: పళ్లకు డీన్ సూచిక, నీళ్లకు అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్. దంతవైద్యుడు ఒకరు కో-పీఐగా ఉండాల్సిందేనని తెలుస్తుంది. పిల్లల మీద పని కాబట్టి ఎథిక్స్ కమిటీ, తల్లిదండ్రుల సమ్మతి ముందే చూసుకోవాలి. బడ్జెట్ కూడా నోరు విప్పుతుంది. ఫ్లోరైడ్ కొలవడానికి ఐసీపీ-ఎంఎస్ కావాలని రాస్తే, ఆ పరికరం ఫ్లోరైడ్‌కు పనికిరాదని తెలిసిన రిఫరీ అక్కడే కలం పక్కన పెడతాడు. డిపార్ట్‌మెంటుకు ఎప్పటినుంచో కావలసిన పరికరాన్ని ఏదో ఒక ప్రాజెక్టు నెత్తిన పెట్టడం మనలో చాలామందికి అలవాటు. దరఖాస్తు మీద అనుమానం మొదలయ్యేది చాలాసార్లు ఆ వరుస దగ్గరే.

చదివేవాడు

ప్రపోజల్ అవతలి ఒడ్డున ఏం జరుగుతుందో అందరికంటే వివరంగా బయటపెట్టింది వైద్య పరిశోధనకు నిధులిచ్చే అమెరికా సంస్థ ఎన్‌ఐహెచ్. ప్రతి దరఖాస్తునూ ముగ్గురు సభ్యులు నిశితంగా చదువుతారు. 1 నుంచి 9 వరకు స్కోరు, తక్కువ వస్తే మంచిది. సుమారు సగం దరఖాస్తులు సమావేశంలో చర్చకు రాకుండానే ఆగిపోతాయి. చర్చకు వచ్చినవాటికి ఓటు వేసేవాళ్లలో ఎక్కువమంది వాటిని పూర్తిగా చదివి ఉండరు. లక్ష్యాల పేజీ ఒక్కటి చూసి, చదివిన ముగ్గురి మాట విని స్కోరు వేస్తారు. అంటే దరఖాస్తు రాసేవాడు ఇద్దరు పాఠకుల కోసం రాయాలి. వివరంగా చదివి లోపాలు పట్టేవాడు ఒకడు, ఒక్క పేజీ తిరగేసేవాడు ఇంకొకడు. మొదటివాడు రెండోవాడికి మన పని రెండు నిమిషాల్లో చెప్పగలగాలి. అతని నోటికి మాట అందించడమే మొదటి పేజీ పని. 2010లో ఎన్‌ఐహెచ్ ప్రధాన గ్రాంటు ఆర్-01 పరిశోధన ప్రణాళికను ఇరవై ఐదు పేజీల నుంచి పన్నెండుకు కుదించింది. పేజీలు తగ్గితే పని తగ్గుతుందనుకున్నవాళ్లు ఆశాభంగం చెందారు.

మన దగ్గర పద్ధతి స్థూలంగా అదే. బయటి రిఫరీలు, ఆపైన నిపుణుల కమిటీ. తేడా ఏమిటంటే రాష్ట్ర విశ్వవిద్యాలయాల అధ్యాపకుల్లో ఆ బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్లు బహు తక్కువ. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ, సీసీఎంబీ, ఐఐసీటీ, ఐఐటీ వంటి చోట్ల కొత్త అధ్యాపకుడికి పక్క గదిలోనే ఒక కమిటీ సభ్యుడుంటాడు. కాఫీ తాగుతూ “ఈ రెండో లక్ష్యం తీసెయ్, అది చూస్తే నీకు సంగతి తెలియదనుకుంటారు” అంటాడు. ఆ ఒక్క వాక్యం ఏ వర్క్‌షాపులోనూ దొరకదు. కడపలోనో శ్రీకాకుళంలోనో కరీంనగర్‌లోనో ఉన్నవాడికి తెలివితేటల కొరత లేదు, ఆ వాక్యం చెప్పే మనిషి కొరత ఉంది. “మనవాళ్లుంటేనే వస్తుంది” అన్న గుసగుసలో ఉన్న నిజం నా ఉద్దేశంలో ఇంతే. లోపలివాళ్లు పైరవీ చేసి ఇప్పించే సందర్భాలు ఉంటే ఉండవచ్చు, కానీ లోపలివాళ్లు ముందుగా చదివి పెట్టడం వల్ల వచ్చే లాభం దానికంటే చాలా పెద్దది, రోజూ జరిగేది, ఎవరూ తప్పు పట్టలేనిది.

భాష సంగతి అంత సులువుగా కొట్టిపారేయలేం. బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్‌కు 2008-2017 మధ్య అమెరికా నుంచి వచ్చిన 6,794 ప్రపోజల్స్‌ను జూలియన్ కోలెవ్, మరిద్దరు కలిసి పరిశీలించారు. అక్కడ పేర్లు కనపడకుండా దాచి చదివిస్తారు. అయినా మహిళల దరఖాస్తులకు స్కోరు తక్కువ వచ్చింది. కారణం వెతికితే మాటల ఎంపిక దగ్గర తేలింది. మహిళలు తమ విషయానికి కచ్చితంగా సరిపోయే ఇరుకైన పదాలు వాడారు, మగవాళ్లు ఎక్కడైనా అతికే విశాలమైన పదాలు వాడారు. రిఫరీలకు రెండోవే నచ్చాయి. ఆ విశాలమైన మాటలు వాడినవాళ్ల పని తర్వాత మెరుగ్గా ఉందా అంటే, లేదు. ఈ ఫలితం చూసి పెద్ద పెద్ద మాటలు వాడమని శిక్షణ ఇవ్వవచ్చు, రిఫరీలకు బుద్ధి చెప్పనూవచ్చు. వర్క్‌షాపులు మొదటిదే చేస్తాయని వేరే చెప్పాలా?

తెలుగు మీడియం నుంచి వచ్చిన అధ్యాపకుడి భయం ఇంకో రకం, వ్యాకరణం. ఆ భయాన్ని ఏఐ సాధనాలు రెండు మూడేళ్లలో చాలావరకు తీర్చేశాయి. అయితే అందరి ఇంగ్లీషూ ఒకేలా నున్నగా తయారయ్యేసరికి రిఫరీ కళ్లు ఆలోచన మీదికి మళ్లాయి, ఆలోచన లేనిచోట ఆ నునుపే అనుమానం రేపుతోంది. ఎన్‌ఐహెచ్ 2023లో రిఫరీలు ఏఐ వాడకూడదంది. 2025 సెప్టెంబరు నుంచి, ఏఐ గణనీయంగా రాసిపెట్టిన దరఖాస్తును సొంత ఆలోచనగా లెక్కించబోమని, ఒక పరిశోధకుడు ఏడాదికి ఆరుకు మించి పంపకూడదని నియమం పెట్టింది. గుట్టలు గుట్టలుగా వచ్చిపడతాయన్న భయమే ఆ నియమానికి కారణం.

అదృష్టం పాలు

సరే, బాగా రాశాం. వస్తుందా? ఇక్కడ పరిశోధన ఫలితాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. డేనియెల్ లీ, లైలా ఆఘా 2015లో ‘సైన్స్’ పత్రికలో 1,30,000కు పైగా ఎన్‌ఐహెచ్ గ్రాంట్లను తీసి చూశారు. మంచి స్కోరు వచ్చినవాటి నుంచి తర్వాత ఎక్కువ పత్రాలు, ఎక్కువ ఉటంకింపులు వచ్చాయన్నారు. మరుసటి ఏడాది ఫెరిక్ ఫాంగ్, సహచరులు అదే సమాచారాన్ని మళ్లీ జల్లెడ పట్టి, పైనున్న ఇరవై శాతంలో ఎవరు ముందు ఎవరు వెనక అన్నది స్కోరు దాదాపు చెప్పలేకపోతోందని తేల్చారు. 2018లో ఎలిజబెత్ పియర్ బృందం 25 దరఖాస్తులను 43 మంది రిఫరీలతో, ఎన్‌ఐహెచ్ పద్ధతిలోనే చదివించింది. ఒకే దరఖాస్తు చదివిన ఇద్దరి మధ్య ఏకాభిప్రాయం, వేర్వేరు దరఖాస్తులు చదివిన ఇద్దరి మధ్య ఉన్న దానికంటే ఎక్కువేమీ లేదు. పియర్ తీసుకున్నవన్నీ చివరికి నిధులు దొరికిన మంచి దరఖాస్తులే అన్నది మరవకూడదు. చెడ్డవాటిని చెడ్డవని గుర్తుపట్టడంలో రిఫరీలు అంత తప్పరు. మంచివాటిలో మంచిది ఏదన్న దగ్గరే లాటరీ.

అందుకని నిజంగానే లాటరీ పెట్టినవాళ్లున్నారు. న్యూజిలాండ్ హెల్త్ రిసెర్చ్ కౌన్సిల్ 2013 నుంచి ఒక పథకంలో, అర్హమైనవని తేలిన దరఖాస్తుల్లోంచి చీటీ తీసి ఇస్తోంది. జర్మనీలో ఫోక్స్‌వాగెన్ ఫౌండేషన్, బ్రిటన్‌లో బ్రిటిష్ అకాడమీ తమ కొన్ని పథకాల్లో అదే బాట పట్టాయి. మన దగ్గర ఆ మాట ఎత్తితే నవ్వుతారు. ఎంట్రన్సు మార్కుల్లో పాయింట్ తర్వాత రెండో అంకె వరకు కొలిచే దేశంలో చీటీ అంటే అవమానం.

నేర్చుకునేవాడికి దీనివల్ల తెలిసేది ఒకటుంది. శిక్షణ దరఖాస్తును చర్చకు రాని సగంలోంచి చర్చకు వచ్చే సగంలోకి చేర్చగలదు. ఆ తర్వాత దాని చేతిలో పెద్దగా లేదు. అక్కడి నుంచి పనిచేసేది మళ్లీ మళ్లీ పంపడం. నెదర్లాండ్స్‌లో తీస్ బోల్ బృందం 2018లో వెలువరించిన ఫలితం ఈ దగ్గర చాలా విలువైనది. యువ పరిశోధకుల గ్రాంటులో కటాఫ్ గీతకు కాస్త పైన ఉండి గెలిచినవాళ్లు, కాస్త కింద ఉండి ఓడినవాళ్లు ప్రతిభలో ఇంచుమించు సమానం. అయినా తర్వాతి ఎనిమిదేళ్లలో గెలిచినవాళ్లు రెండింతలకు పైగా నిధులు సంపాదించారు. కారణాల్లో ఒకటి, ఓడినవాళ్లు అసలు అడగడమే మానేయడం. ఏళ్లపాటు గ్రాంట్లు దొరకని శాస్త్రవేత్త కటాలిన్ కరికో కథ చెప్పి ఓదార్చడం ఇప్పుడు ప్రతి వర్క్‌షాపులోనూ ఆచారమైంది, 2023లో ఆమెకు నోబెల్ వచ్చాక మరీను. తిరిగొచ్చిన దరఖాస్తుతో ఏం చేయాలో ఆ కథ చెప్పదు.

మళ్లీ మళ్లీ పంపడానికి ఖర్చుంది. ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలికి 2012లో వచ్చిన 3,727 దరఖాస్తులు రాయడానికి పరిశోధకుల కాలం సుమారు 550 ఏళ్లు పట్టిందని ఆడ్రియన్ బార్నెట్, సహచరులు లెక్కగట్టారు. ఒక్కొక్కదానికి సగటున 34 పనిదినాలు. అయిదింట ఒకదానికే నిధులు వచ్చాయి. మిగతా నాలుగింటికి పట్టిన కాలం సైన్సుకు దక్కిందా? కెవిన్ గ్రాస్, కార్ల్ బెర్గ్‌స్ట్రోమ్ 2019లో గణితంతో చూపించినదేమంటే, గెలిచే అవకాశం తగ్గేకొద్దీ ఈ పోటీకి పెట్టే శ్రమ, ఆ డబ్బుతో జరిగే సైన్సు విలువతో సరితూగే స్థితి వస్తుంది. భౌతిక శాస్త్రవేత్త లియో జిలార్డ్ దీన్ని ముందే చూశాడు. సైన్సు ప్రగతిని ఎలా నెమ్మది చేయాలని ఒక ధనవంతుడు అడిగితే, ఏటా గ్రాంట్లిచ్చే కమిటీలు పెట్టి గొప్ప శాస్త్రవేత్తలందరినీ వాటిలో కూర్చోబెట్టమని సలహా ఇచ్చే కథ రాశాడు. అరవై ఏళ్లకు పైబడిన ఆ వ్యంగ్యం చదివి పరిశోధకులు ఇప్పటికీ నవ్వుకుంటారు, ఆ వారమే ఏదో ఒక పోర్టల్ గడువు ఉంటుంది.

ఎవరు నేర్పుతున్నారు

వర్క్‌షాపు వల్ల లాభం ఎంతన్నదానికి గట్టి రుజువు తక్కువ. వచ్చేవాళ్లు ఎలాగూ ఉత్సాహవంతులే కాబట్టి, వాళ్లు తర్వాత గెలిస్తే శిక్షణ వల్లనా, ఉత్సాహం వల్లనా అన్నది విడదీయడం కష్టం. కాస్త నమ్మదగినవిగా కనిపించేవి నెలల తరబడి సాగే శిక్షణలు. చిన్న బృందం, అనుభవజ్ఞుడైన ఒక కోచ్, ప్రతి వారం ఒకరి పేజీ మరొకరు చదవడం. అమెరికాలో నేషనల్ రిసెర్చ్ మెంటరింగ్ నెట్‌వర్క్ ఈ దారిలో చాలా ప్రయోగాలు చేసింది. 2011 నుంచి ఎన్‌ఐహెచ్ కొత్త పరిశోధకులను కమిటీలో కూర్చోబెట్టి కొన్ని దరఖాస్తులు చదివించే పథకం నడుపుతోంది. నా లెక్కలో ఇప్పటివరకు వచ్చిన పద్ధతులన్నిటిలో తెలివైనది ఇదే. పది ప్రపోజల్స్ చదివి మార్కులు వేసినవాడు పదకొండోది రాసేటప్పుడు ఎవరూ చెప్పకుండానే సగం పేజీలు కొట్టేస్తాడు. ఎన్‌ఐహెచ్‌లోని అలర్జీ, అంటువ్యాధుల సంస్థ గెలిచిన దరఖాస్తులు కొన్నింటిని, రిఫరీల వ్యాఖ్యలతో సహా, అందరూ చదవడానికి పెట్టింది కూడా.

మన దేశంలో ఈ పని శ్రద్ధగా చేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఇండియా అలయన్స్. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో మొదలుపెట్టాయి, ఆఫీసు హైదరాబాద్‌లోనే. ఫెలోషిప్పులు ఇవ్వడంతో ఆగక ఊరూరా తిరిగి పరిశోధన రచన మీద శిక్షణలు నడిపింది. 2018లో, విశ్వవిద్యాలయాల్లో పరిశోధన కార్యాలయాలను, వాటిని నడిపే మనుషులను తయారుచేసే కార్యక్రమం మొదలుపెట్టింది. ఈ రెండోదానికి మొదటిదానికంటే తక్కువ పేరొచ్చింది. అవసరం మాత్రం దాని దగ్గరే ఎక్కువ.

ఎందుకంటే మన దగ్గర ప్రపోజల్ రాయడం మంజూరుతో పూర్తికాదు. శాంక్షన్ ఆర్డర్ వచ్చాక అసలు పరీక్ష. పరికరం ప్రభుత్వ కొనుగోలు నిబంధనల ప్రకారం కొనాలి, దానికి కమిటీతో కాగితాలు రాయించాలి. జేఆర్‌ఎఫ్‌ను తీసుకోవడానికి ప్రకటన, ఇంటర్వ్యూ, వీసీ ఆమోదం. ఫెలోషిప్పు 2023 జనవరి నుంచి నెలకు 37,000 అయింది, కానీ నిధుల విడత ఆలస్యమైతే ఆ పిల్లవాడు నెలల తరబడి ఎదురుచూడాల్సిందే. ఏడాది చివర జీఎఫ్‌ఆర్ 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం (యూసీ), ఖర్చుల పట్టిక. అది ఆఫీసులో ఆగితే రెండో విడత ఆగుతుంది. ఈ అనుభవం ఉన్నవాడు టైమ్‌లైన్ రాసేటప్పుడు మొదటి ఆరునెలలు కొనుగోళ్లకూ నియామకాలకూ వదిలేస్తాడు. లేనివాడు మొదటి నెల నుంచే ప్రయోగాలు రాస్తాడు, అది చూసిన రిఫరీకి ఇతనికి ఇదే మొదటి ప్రాజెక్టని తెలిసిపోతుంది. ప్రాజెక్టులో ఓవర్‌హెడ్ పేరిట యూనివర్సిటీకి వచ్చే డబ్బు ఈ కాగితాల పని చూసే మనిషి జీతానికి వెళ్తే బాగుండేది. ఎటు వెళ్తోందో చాలాచోట్ల పీఐలకే తెలియదు.

పథకాలు లేవనడానికి లేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, కాలేజీల కోసం సెర్బ్ తెచ్చిన ‘ష్యూర్’ మూడేళ్లకు 30 లక్షల వరకు ఇచ్చేలా పెట్టినది. పెద్ద సంస్థ ఒకటి కేంద్రంగా, చుట్టూ వెనకబడిన సంస్థలు అనుబంధంగా ఉండే ‘పెయిర్’ను కొత్త ఫౌండేషన్ తెచ్చింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అలాంటి కేంద్రాల్లో ఒకటి. అందరూ చిన్నచూపు చూసేది మాత్రం ‘టేర్’ అనే పథకాన్ని. రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనో కాలేజీలోనో పనిచేసే అధ్యాపకుడు దగ్గర్లోని ఐఐటీకో జాతీయ ప్రయోగశాలకో ఏడాదిలో కొంతకాలం వెళ్లి పనిచేసి రావచ్చు. మూడేళ్లపాటు ఏడాదికి 5 లక్షల గ్రాంటు పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఆ మూడేళ్లలో అక్కడి గ్రూప్ మీటింగుల్లో కూర్చుని, వాళ్ల డ్రాఫ్టులు చదివి, తన డ్రాఫ్టు చదివించుకునే హక్కు దొరుకుతుంది. పైన కాఫీ దగ్గర చెప్పిన ఆ వాక్యం దొరికే చోటు అదే. వెళ్లడానికి కాలేజీ సెలవు ఇవ్వాలి, ఖాళీ పోస్టుల మధ్య ఉన్న నలుగురే పదిమంది పాఠాలు చెబుతున్న డిపార్ట్‌మెంటులో ఏ హెడ్ సంతోషంగా సంతకం పెడతాడు? రాష్ట్ర ప్రభుత్వాలు నియామకాలు చేయకుండా పరిశోధన పెంచమనడం ఈ రచనా విద్య పరిధిలో తీరే సమస్య కాదు.

తిరిగొచ్చిన ప్రపోజల్ దగ్గర మన వ్యవస్థ మరీ నిర్లక్ష్యంగా ఉంది. రిఫరీ రాసిన రెండు పేజీలు దరఖాస్తుదారుడికి చాలాసార్లు రెండు వాక్యాలై అందుతాయి, కొన్నిసార్లు “సిఫారసు చేయలేదు” అన్న రెండు ముక్కలే. వ్యాఖ్యలను పూర్తిగా పంపడానికి నిధుల సంస్థకు అదనంగా పైసా ఖర్చు లేదు, నేర్చుకునేవాడికి మాత్రం అంతకు మించిన పాఠ్యపుస్తకం లేదు. యూనివర్సిటీలు తమ వంతుగా, పీఐల అనుమతితో, మంజూరైనవీ తిరిగొచ్చినవీ లైబ్రరీలో ఒక అరలో పెట్టవచ్చు. ఆలోచన దొంగిలిస్తారన్న భయం ఉన్నచోట మూడేళ్లు దాటినవే పెట్టవచ్చు. ప్రస్తుతం ప్రపోజల్ పోర్టల్లోకి ఎక్కేముందు యూనివర్సిటీలో దాన్ని ఆపే చోటు ఒక్కటే, ఎండార్స్‌మెంట్ లెటర్ మీద రిజిస్ట్రార్ సంతకం. గడువు రోజు మధ్యాహ్నం, లోపల ఏముందో చూడకుండా జరిగే పని అది. ఆ సంతకానికి మూడు వారాల ముందు పక్క శాఖ వాళ్లిద్దరు మొదటి పేజీ చదివి తమకు అర్థమైనది నాలుగు వాక్యాల్లో రాసి ఇవ్వాలని నియమం పెట్టడానికి యూజీసీ అనుమతి అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. అకడమిక్ సెనేట్ ఒక సమావేశంలో చేయగల తీర్మానం.